అక్క అడిగిన చిక్కుడు

ఏప్రిల్ 9, ఉదయం 6 గంటల 40 నిమిషాలు. పక్షవాతం వచ్చిన ముప్పై ఆరో రోజున అక్క నోట మొదటి మాట వచ్చింది.

"చిక్కు," అంది.

మొలకల మాస్టారు చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టి, గోడ గడియారం చూసి, ఆ తర్వాత మంచం దగ్గరికి వెళ్లారు. ముందు గడియారం చూడడం ఆయనకు ముప్పై మూడేళ్ల అలవాటు.

"ఏమన్నావక్కా?"

"చిక్కు."

కుడిచెయ్యి పడిపోయింది కనుక అక్క ఎడమచెయ్యి ఎత్తింది. అది వణుకుతూ తల వెనక్కి వెళ్లి, గాలిలో కాసేపు ఆగి, దిండు పక్కన వాలిపోయింది.

మంచానికి తలవైపు కిటికీ ఉంది. కిటికీ అవతల పెరడు. పెరట్లో, కిందటేటి పాదు ఎండిపోగా మిగిలిన కర్రల పందిరి. ఉద్యోగం నుంచి దిగి ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి అక్క ఏటా ఆ పందిరి మీద చిక్కుడు పాకించేది. కాయ అంచున సన్నటి ఊదా గీత ఉండే రకం. గింజలు తనే దాచేది.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు చెప్పినదాన్ని మాస్టారు కాగితం మీద రాసుకున్నారు. మాట సగంలో ఆగిపోవచ్చు. మిగతా సగం ఇంట్లోవాళ్లు అందించాలి. అవునో కాదో రోగి తలాడించి చెబుతుంది.

"చిక్కుడా అక్కా? మన పెరట్లో చిక్కుడేనా?"

అక్క తలాడించింది.

ఆయనకు చాలా రోజుల తరవాత కాళ్లు తేలికయ్యాయి. ఎనిమిదింటికి అక్కకు ఒళ్లు తుడిచి బట్టలు మార్చడానికి వచ్చే నర్సమ్మకు గుమ్మంలోనే చెప్పారు.

"మాట వచ్చింది. చిక్కుడు అడిగింది."

"నోరు పెగలగానే తిండి మాటే వచ్చిందంటే ఇంక ఫరవాలేదు సార్," అంది నర్సమ్మ. "నేనైతే ముందు నా మొగుణ్ని తిట్టేదాన్ని."

ఆయన బయటికి వచ్చి గది తలుపు దగ్గరికి వేశారు. నర్సమ్మ పని చేసే ముప్పావుగంటా ఆయన ఎప్పుడూ వరండాలోనే కూర్చునేవారు.

మొలకల మాస్టారు అన్నది ఆయన పేరు కాదు. విత్తన పరీక్షల ప్రయోగశాలలో తోటివాళ్లు పెట్టింది. ఏ సంచిలోంచి తెచ్చిన గింజలైనా నాలుగు వందలు లెక్కపెట్టి, తడి కాగితాల మధ్య వరసలుగా పేర్చి, చుట్టలు చుట్టి పెట్టెలో ఉంచడం ఆయన పని. చిక్కుడైతే నాలుగో రోజున మొదటి లెక్క, పదో రోజున చివరి లెక్క. వేరూ కాండమూ రెండూ సరిగా ఉన్నదాన్నే మొలక కింద రాయాలి. సగం మొలిచినదాన్ని, పాపం రేపటికి లేస్తుందేమో అని రాయకూడదు. కొత్తగా చేరినవాళ్లు జాలిపడి రాస్తే ఆయన మాటా పలుకూ లేకుండా ఎర్ర పెన్సిలుతో కొట్టేసేవారు. పదో రోజు లెక్క అయిపోగానే అన్నీ బుట్టలోకి వెళ్లేవి. ముప్పై మూడేళ్లలో ఆయన లెక్కపెట్టిన మొలకలు లక్షల్లో ఉంటాయి. పదకొండో రోజు మొక్కను మాత్రం ఆయన చూడలేదు.

పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, సందర్భం రాలేదనేవారు. అక్క కథ వేరు. ఇరవయ్యారేళ్లకు భర్త పోయాడు. పిల్లలు లేరు. ఆడపిల్లల వసతిగృహంలో వార్డెనుగా చేరి, ముప్పై ఏళ్లు అక్కడే ఒక చిన్న గదిలో ఉండి, పదవీ విరమణ అయ్యాక రెండు పెట్టెలతో తమ్ముడి ఇంటికి వచ్చింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మాట్లాడే పని అక్కది, వినే పని తమ్ముడిది. పంపకం ఇద్దరికీ నచ్చింది. ఇప్పుడు అక్క నోరు పడిపోయేసరికి ఆ ఇంట్లో మాట అనేదే లేకుండా పోయింది.

ఆ రోజే ఆయన బజారుకు వెళ్లారు. చిక్కుడు కాలం కాదు. నాలుగు దుకాణాలు తిరిగితే ఒకచోట లావుపాటి ఆకుపచ్చ కాయలు దొరికాయి. ఈనెలు తీసి, మెత్తగా ఉడికించి, చెంచాతో అందించారు. అక్క రెండు సార్లు నమిలి, పెదవుల మీదుగా బయటికి తోసేసింది. ఎడమచెయ్యి మళ్లీ తల వెనక్కి వెళ్లింది.

"చిక్కు."

"ఇది కాదా? మనదేనా కావలసింది?"

అక్క తలాడించింది.

వంటింటి అరలో రేకు డబ్బా ఉంది. అందులో నలభై ఆరు గింజలు. పది తీసి తడి కాగితంలో చుట్టి పరీక్షించారు. నాలుగో రోజుకు ఏడు, పదో రోజుకు ఎనిమిది. గింజ మంచిదే. పందిరి కింద మూడు పాదులు తవ్వి, చివికిన ఆకులెరువు కలిపి, ఒక్కో పాదులో నాలుగేసి గింజలు రెండు సెంటీమీటర్ల లోతున పెట్టారు. గింజలు నానబెట్టలేదు, వెచ్చటి మట్టిలో నానిన చిక్కుడు గింజ మొలవక ముందే కుళ్లుతుందని ఆయనకు తెలుసు. పొద్దున్నే నీళ్లు, పాదు చుట్టూ ఎండుగడ్డి, మొలిచాక పాదుకు ఒకే మొక్క. పుస్తకంలో ఉన్నదంతా చేశారు. పదో రోజున లెక్క రాసుకున్నాక, ఇంకేం చెయ్యాలో తోచనట్టు కాసేపు పాదుల దగ్గరే నిలబడ్డారు. పదకొండో రోజున మొక్క అలాగే ఉంది. అది వింతేమీ కాదు. అయినా రాసుకున్నారు.

జూన్ మొదటివారానికి తీగలు పందిరిని మింగేశాయి. అరచెయ్యంత ఆకులు, చిటికెనవేలంత కాండాలు. కొసలకు పేనుబంక పడితే, సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో ఒక్కొక్క కొసా పైనుంచి కిందికి తుడిచారు. మూడు తీగలకు కలిపి రెండు గంటలు పట్టేది. ఒకరోజు, పరీక్షకని పక్కన విడిగా పెట్టిన మొక్కను వేళ్లతో సహా తీసి, వేరు బుడిపెను బ్లేడుతో కోసి చూశారు. లోపల గులాబి రంగు. గాలిలోని నత్రజని వేళ్లకు బాగానే అందుతోందన్న మాట. పాదుకు ఏ లోటూ లేదు.

పూత తప్ప.

పక్కింటి దర్జీ గోడ మీద మోచేతులు ఆనించి చూశాడు.

"మాస్టారూ, ఇది కాయలకోసమా, నీడకోసమా?"

"కాయలకే."

"ఆ సంగతి దానికి చెప్పారా? మా దండెం మీద నా చొక్కాని ఇది వాటేసుకుని ఉంది. విడిపించుకోడానికి నాకు పావుగంట పట్టింది."

"కత్తిరిస్తాను."

"కత్తిరించకండి. పాపం ప్రేమగా ఉంది."

లోపల అక్క రోజుకు రెండు సార్లు, ఒక్కోరోజు మూడు సార్లు ఆ మాట అనేది. మాస్టారు మంచం పక్క కాగితం మీద నిలువు గీతలు గీసేవారు, అయిదింటికొక అడ్డగీత. ఎక్కువగా పొద్దున్నే అనేది. అన్నప్పుడల్లా చెయ్యి కిటికీవైపే వెళ్లేది. ఆయన కిటికీ రెక్కలు బార్లా తెరిచి, మంచాన్ని కొంచెం జరిపి, తీగ కనబడేలా చేశారు. అక్క తీగవైపు చూసింది. తమ్ముడివైపు చూసింది. కళ్లు మూసుకుంది.

ప్రయోగశాలలో తనకు పైన పనిచేసి రిటైరైన ఆఫీసరుకు ఫోను చేశారు.

"విత్తనం ఎప్పుడు పెట్టావు?"

"ఏప్రిల్ ఇరవై."

అవతల పెద్దగా నవ్వు. "నువ్వు మారవయ్యా. గింజ మొలుస్తుందా లేదా అని చూశావు గాని, తీగ ఎప్పుడు పూస్తుందో చూశావా? అది నాటురకం, పొద్దు పొడుగు చూసుకునే తీగ. పగలు పన్నెండు గంటల లోపుకి దిగితే తప్ప మొగ్గ వెయ్యదు. ఇవాళ పగలెంత?"

"పదమూడు గంటల ఆరు నిమిషాలు."

"అదీ సంగతి. అక్టోబరు దాకా దాని జోలికి పోకు. నువ్వు తలకిందులుగా తపస్సు చేసినా అది పువ్వు పెట్టదు."

మాస్టారు ఫోను పెట్టేసి, ఆ ముక్క కాగితం మీద రాసుకుని ఒకటికి రెండు సార్లు చదువుకున్నారు. ఆ విషయం ఆయనకు తెలియనిది కాదు. చదువుకున్నదే. పదో రోజు దాటిన విషయం కనుక అక్కరకు రాలేదు.

అక్క మంచం మీద కూర్చుని, వివరంగా చెప్పారు.

"అక్టోబరు దాకా ఆగాలక్కా. పొద్దు తగ్గాలి. నా చేతిలో లేదు."

"చిక్కు," అంది అక్క. ఈసారి గొంతు కొంచెం పెరిగింది.

అంతటితో ఊరుకోలేకపోయారు. దర్జీ దగ్గర నల్లటి లైనింగు గుడ్డ తెచ్చి, మూడు తీగల్లో ఒకదానికి గుడారంలా కుట్టించారు. సాయంత్రం అయిదింటికి కప్పడం, పొద్దున ఏడింటికి తీయడం. చీకటి పెంచితే తీగ మోసపోయి పూస్తుందని లెక్క. మిగతా రెండూ పోల్చి చూడడానికి. గుడ్డ లోపల వేడి బయటికన్నా మూడు డిగ్రీలు ఎక్కువైంది. పన్నెండో రోజుకు లోపలి తీగ ఆకులు పసుపెక్కి రాలాయి. గుడ్డ తీసి మడతపెట్టి దర్జీకి తిరిగి ఇచ్చేశారు.

"పువ్వొచ్చిందా?"

"లేదు."

దర్జీ ఆయన మొహం చూసి, గుడ్డ తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

జూలై 27, సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. బస్సు కండక్టరు యూనిఫారంలో, భుజానికి తోలుసంచి. చిన్నప్పుడు అయిదేళ్లు అక్క వసతిగృహంలో ఉండి చదువుకుందట. పెద్దమ్మకు బాగాలేదని మొన్ననే తెలిసిందట. వసతిగృహం పిల్లలందరికీ అక్క పెద్దమ్మే.

"మీరు తమ్ముడు కదా? మామయ్యా అంటాను, ఏమీ అనుకోకండి. మీరు నెలకోసారి వచ్చి, గేటు దగ్గర నిలబడి, ఒక్క ముక్క మాట్లాడకుండా పళ్లు ఇచ్చి పోయేవారు. మేం మీకు మూగమామయ్య అని పేరు పెట్టాం."

"నాకు తెలియదు," అన్నారు మాస్టారు.

"తెలిస్తే మూగమామయ్య ఎందుకవుతారు?"

గదిలోకి తీసుకెళ్లారు. అక్క ఆమెను చాలాసేపు చూసింది. ఎడమచెయ్యి లేచి తల వెనక్కి వెళ్లింది.

"చిక్కు."

"చిక్కుడు అడుగుతోంది," అన్నారు మాస్టారు. "పెరట్లో పెట్టాను. అక్టోబరుకు గాని పూయదు. ఆ విషయం చెప్పాను కూడా."

కండక్టరమ్మ కిటికీలోంచి పందిరిని చూసింది. మంచంలోకి చూసింది. ఆమె మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, దాన్ని తీసేయడం మరిచిపోయినట్టు.

"చిక్కుడేంటి మామయ్యా? పెద్దమ్మ పొద్దున్నే ఆరున్నరకి వరండాలో బల్ల మీద కూర్చుని, దువ్వెన తట్టి, 'చిక్కు' అని ఒక్క కేక వేసేది. అంతే. అరవైమందిమి జడలు విప్పుకుని వరసకట్టేవాళ్లం. అయిదేళ్లూ పొద్దున్నే నా చెవిన పడ్డ మొదటి మాట అదే."

ఆమె మంచం దగ్గరికి వెళ్లి, అక్క తలకు కట్టిన నూలుగుడ్డ ముడి విప్పింది. దిండుకు మరకలు కాకుండా నర్సమ్మ మొదటిరోజే కట్టిన గుడ్డ అది. ఎప్పటికప్పుడు ఉతికిన గుడ్డే కట్టేది. ముందున్న జుట్టు శుభ్రంగా, పాపిడి తీసి ఉండేది. మాస్టారు రోజూ చూసింది అదే.

తలను పక్కకు తిప్పారు. వెనక జుట్టు లేదు. అరచెయ్యంత వెడల్పున, రెండు వేళ్ల మందాన, నొక్కి అతికించిన దూదిలాంటి ముద్ద ఒకటి తలకు అంటుకుని ఉంది. అంచుల్లో చర్మం ఎర్రగా కంది, ఒకచోట పుండు కట్టి ఉంది.

కండక్టరమ్మ భుజం మీది సంచి కింద పెట్టింది. నూనె అడిగింది. దువ్వెన అడిగింది. చివరలనుంచి మొదలుపెట్టి, వేళ్లతో ఒక్కొక్క పాయా లాగింది. మాస్టారు అక్క తలను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. అరవై నాలుగేళ్ల వయసులో ఆయన అక్క తల పట్టుకోవడం అదే మొదలు. అది ఆయన అనుకున్నంత బరువుగా లేదు. లాగినప్పుడల్లా అక్క మూలిగింది. చెయ్యి మాత్రం అడ్డు పెట్టలేదు. గంటా ఇరవై నిమిషాలకు బొటనవేలంత అంచు విడింది.

"ఇది విడదు మామయ్యా," అంది కండక్టరమ్మ. "మూడు నెలల కింద అయితే విడేది. కత్తెర ఉందా?"

దర్జీ కత్తెర గోడ మీంచి వచ్చింది. ఎందుకని దర్జీ అడిగాడు గాని, జవాబు చెప్పడానికి మాస్టారు ఆగలేదు.

మర్నాడు నర్సమ్మ కురచ జుట్టు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"వెనక జుట్టు ముద్ద కట్టిందని నాకు తెలుసు సార్. దువ్వబోతే ఆవిడ మూలిగేవారు. మెడ ఎక్కువ కదపొద్దని ఆసుపత్రిలో చెప్పారు కదా అని ఊరుకున్నా."

"అక్క చిక్కు అన్నప్పుడు నీకు అనుమానం రాలేదా?"

"మీరే కదా సార్, చిక్కుడు అని చెప్పారు?" అంది నర్సమ్మ. తగవుగా అనలేదు. నిజంగానే అడిగింది. "చదువుకున్నవారు, మీరు చెప్పాక నేనేం అనుమానిస్తాను?"

ఆయన వరండాలోకి వెళ్లలేదు. ఆ రోజు గదిలోనే ఉండి, మొహం గోడవైపు తిప్పుకుని కూర్చున్నారు.

ఆ తరవాత అక్క ఆ మాట అనలేదు. కాగితం మీద గీతలు రెండువందల నలభై ఒకటి దగ్గర ఆగిపోయాయి. ఆరు రోజులు చూసి, ఏడో రోజు పొద్దున ఆయన మంచం పక్క కుర్చీ వేసుకున్నారు.

"అక్కా, నువ్వు అడిగింది తల చిక్కు తియ్యమనా?"

అక్క తలాడించింది.

 జేబులోంచి పెన్సిలు తీసి చూపించారు.

"దీన్ని దువ్వెన అంటారా?"

అక్క తలాడించింది.

"ఇది గోడా?" అని కిటికీ చూపించారు.

తలాడించింది.

"నేను మీ నాన్ననా?"

అక్క ఆయన కళ్లలోకి చూస్తూ, నెమ్మదిగా, ఓపికగా తలాడించింది.

ఏప్రిల్ 9న చెయ్యవలసిన పరీక్ష అది. అయిదు నిమిషాల పని. పదకొండు మంది కొత్తవాళ్లకు ఆయన నేర్పిన మొదటి పాఠం కూడా అదే: కావలసిన జవాబు వచ్చినప్పుడు, అక్కరలేని ప్రశ్న ఒకటి వేసి చూడమని. డాక్టరును అడిగితే, అలా జరుగుతుందని, ఏది అడిగినా అవునన్నట్టే తల ఊగుతుందని అన్నాడు. ముందే చెప్పి ఉండవలసిందన్నాడు. మాట మళ్లీ వస్తుందా అంటే, చూద్దాం అన్నాడు.

కండక్టరమ్మ సెలవు దొరికినప్పుడల్లా వచ్చేది. ఆమె అక్క తల దువ్వుతుంటే అక్క కళ్లు మూసుకునేది. హాయిగానా, నొప్పికా, నిద్రకా అని మాస్టారు చూసేవారు. తెలిసేది కాదు.

"దువ్వితే సుఖంగానే ఉంటుంది కదూ?" అని ఒకసారి అడిగారు.

"ఎవరికి ఉండదు మామయ్యా?" అంది కండక్టరమ్మ. "రండి, మీకూ దువ్వుతాను. ఉన్నవి పదిహేనే కదా, వెంట్రుకకో పేరు పెట్టి మరీ దువ్వుతాను."

ఆయన నవ్వబోయారు. రాలేదు.

అక్టోబరు 19న మొదటి పూల గెల లేచింది. ఆయన ఏమీ చెయ్యకుండానే లేచింది. ఊదా పూలు, ఒక్కో గెలకు పద్నాలుగు, పదహారు. పొద్దున్నే తుమ్మెదలు వచ్చేవి. పూతకు నీళ్లు తగలకుండా మొదలు దగ్గరే పోసేవారు. వారానికి పిందె కట్టింది. దర్జీ గోడ మీద చెయ్యి ఆనించి, "మాట విన్నదన్న మాట," అన్నాడు. తనే మళ్లీ, "బాగుంది, బాగుంది," అని వెళ్లాడు.

నవంబరు 14న గింజ ముదరని కాయలు ఏరి కోశారు. అంచున ఊదా గీత సన్నగా, ఎక్కడా తెగకుండా ఉంది. ఈనెలు తీశారు. ఉప్పువేసి ఉడికించారు. అక్క ఎంత తింటోందో రాయమని డాక్టరు చెప్పాక, ఆయన ప్రతి పూటా పళ్లేన్ని తూచేవారు. ఆ పూట వంద గ్రాములు పెట్టి, చెంచాతో మెత్తగా నలిపి, మంచం దగ్గరికి తీసుకెళ్లారు.

"చిక్కుడక్కా. మనది."

అక్క పళ్లెం చూసింది. ఆయనను చూసింది. తలాడించింది. ఆయన చెంచా అందించారు. అక్క నోరు తెరిచింది. నమిలింది. చాలాసేపు నమిలింది. రెండో చెంచా ఇచ్చారు. మూడోది ఇచ్చారు. ఇష్టంగా ఉందా అని అడగబోయి మానేశారు. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు ఆయనకు తెలుసు. చెంచా పెదవుల దాకా తీసుకెళ్లడం, ఆగడం, తెరుచుకుంటే పెట్టడం, తెరుచుకోకపోతే దించడం. అంతకు మించి అడిగే దారి లేదు.

కొంతసేపటికి పెదవులు తెరుచుకోలేదు. ఆయన రెండు నిమిషాలు ఆగారు. మరో రెండు నిమిషాలు ఆగారు. తడి గుడ్డతో అక్క మూతి తుడిచి, దిండు సర్ది, పళ్లెం వంటింట్లోకి తీసుకెళ్లి త్రాసు మీద పెట్టారు. పళ్లెం బరువు తీసేసి, మిగిలింది రాశారు.

61 గ్రాములు.